వేర్లకు పసుపు గుండ్లు: బంతి వేస్తే పోతాయా?

ప్రశ్న: మా బంగాళాదుంప చేనులో రెండేళ్లుగా మొక్కలు అక్కడక్కడ గుంపులుగా గిడసబారుతున్నాయి. తడి ఉన్నా మధ్యాహ్నానికి వాడిపోతున్నాయి. పీకి చూస్తే వేర్లకు ఆవగింజలో సగం కూడా లేని పసుపు గుండ్లు కనిపించాయి. బంతిపూల మొక్కలను ఎర పంటగా, అంటే పురుగును రప్పించి చంపే పంటగా వేస్తే, నేలలో ఉండి వేర్లను పట్టే నులిపురుగులు పోతాయంటున్నారు. వేయమంటారా?

జవాబు: దీనికి బంతి వేయవద్దు. బంతి పనికొచ్చేది ముఖ్యంగా వేరుబుడిపె నులిపురుగుల మీద. అవి సోకితే వేరే ఉబ్బి బుడిపెలు కడుతుంది. మీ చేనులో గుండ్లు వేరు పైన అంటుకుని ఉన్నాయంటే అవి తిత్తి నులిపురుగుల ఆడ జీవులై ఉండాలి. అవి చచ్చాక వాటి ఒళ్లే గోధుమ రంగు తిత్తిగా గట్టిపడి, లోపలి వందల గుడ్లను కాపాడుతుంది. ఆ గుడ్లు నేలలో 20 ఏళ్లు దాటి కూడా బతకగలవు.

వాటిలో ఎక్కువ భాగం బంగాళాదుంప వేర్లు వదిలే రసాయనాలు తగిలితేనే పొదుగుతాయి. ఎర పంట ఈ గుణాన్నే వాడుకుంటుంది. సొలానమ్ సిసింబ్రిఫోలియమ్ అనే ముళ్ల మొక్క వంగ జాతిదే. దాని వేర్లు కూడా గుడ్లను పొదిగిస్తాయి, పిల్లలు వేరులోకి చొరబడతాయి, కానీ అక్కడ ఎదగలేక చనిపోతాయి. నేల వెచ్చగా ఉన్నప్పుడు ఒత్తుగా విత్తి, 10 నుంచి 12 వారాలు పెంచి, కాయ పండకముందే నరికి కలియదున్నాలి. కాయ పండనిస్తే అదే మొండి కలుపవుతుంది. అందుకే విత్తనం తెచ్చే ముందు మీ ప్రాంతంలో దానికి అనుమతి ఉందో లేదో వ్యవసాయ అధికారిని తప్పక అడగండి.

బంగాళాదుంపనే ఎరగా నాటి, తిత్తులు కట్టకముందే పీకేసే పద్ధతీ ఉంది. సుమారు 6 వారాలలోపు, వెచ్చటి నేలలో ఇంకా ముందే, వేర్లతో సహా తీసేయాలి. ఒక్క వారం ఆలస్యమైనా పురుగును మీరే పెంచినట్టవుతుంది. రోజూ వేర్లు పరీక్షించే తీరిక లేకుంటే దీని జోలికి వెళ్లవద్దు.

ఏ ఎర వేసినా, పాత దుంపల నుంచి మొలిచిన మొక్కలు ఉంటే శ్రమంతా వృథా. టమాటా, వంగ కూడా వేయవద్దు, వాటి మీదా ఈ పురుగు బతుకుతుంది. ఎర పంటతో గుడ్లు తగ్గుతాయే తప్ప పూర్తిగా పోవు. ఇప్పుడే ఒకసారి, ఎర పంట తీశాక మరోసారి మట్టిని పరీక్షకు పంపండి. నులిపురుగు ఏ జాతిదో కూడా రాసి ఇవ్వమనండి. తట్టుకునే రకాన్ని ఎంచుకోవాలంటే ఆ వివరం కావాలి, ఒక జాతిని తట్టుకునే రకం మరో జాతికి లొంగిపోవచ్చు.