మెడికల్ బోర్డు ఇంటికి పంపిస్తే బాండ్ డబ్బు కట్టాలా? నా అనుభవం

తమ్ముడూ, మిలటరీ ఆఫీసర్ శిక్షణలో నడుముకి దెబ్బ తగిలి మెడికల్ బోర్డు, అంటే ఉంచాలా ఇంటికి పంపాలా అని తేల్చే డాక్టర్ల బృందం కోసం ఎదురుచూస్తున్నానని రాశావు. మధ్యలో మానేస్తే ఖర్చు కడతామని చేరేటప్పుడు మీ నాన్నగారు బాండ్ మీద సంతకం పెట్టారు కాబట్టి రెండేళ్ల ఖర్చూ వెనక్కి కట్టాలేమోనని భయపడుతున్నావు. ఇంటర్ సర్టిఫికెట్ తప్ప చేతిలో ఏమీ లేకుండా ముమ్మిడివరం తిరిగొస్తే చదువు సంగతేమిటని అడిగావు. "నీ అంతట నువ్వే రాసిచ్చి వచ్చెయ్" అని తోటివాళ్లు చెబుతున్నారని చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశావు. నన్ను కంగారుపెట్టింది ఆ ముక్కే.

ముందు జవాబు చెప్పేస్తాను. బోర్డు నిన్ను అనారోగ్యం కారణంగా పంపిస్తే ఆ ఖర్చు మీరు కట్టక్కర్లేదు. నువ్వే వెళ్లిపోతానని రాసిచ్చావంటే మాత్రం కట్టమని అడిగే హక్కు వాళ్లకి వస్తుంది. అందుకని బోర్డు తేలేదాకా అలాంటి కాగితం మీద సంతకం పెట్టకు.

మాది అమలాపురం దగ్గర కాలవగట్టు మీద ఊరు. తొమ్మిదేళ్ల కిందట నేనూ నీలాగే ఇంటికొచ్చాను. ఏ అకాడమీ అన్నది ఇక్కడ రాయను. ఐదో టర్ములో అడ్డంకుల పరుగులో గోడ మీంచి దూకినప్పుడు మోకాల్లో లిగమెంటు తెగింది. ఆపరేషన్ చేశారు, కొన్ని నెలలు విశ్రాంతి ఇచ్చారు, వెనకటి జూనియర్ బ్యాచ్‌లోకి దింపారు. మళ్లీ పరుగు మొదలుపెట్టిన రెండో వారంలోనే అదే మోకాలు మళ్లీ పోయింది. రెండో ఆపరేషన్ తర్వాత ఇక బోర్డేనన్నారు.

ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. నాలుగు నెలలు వార్డులో ఉన్నాను. మా బ్యాచ్‌వాళ్లు పొద్దున్నే అరుచుకుంటూ పరిగెత్తే చప్పుడు కిటికీలోంచి వినపడేది. సంక్రాంతి దగ్గరపడింది. అప్పుడు నా మంచి కోరే ఒకాయనే వచ్చి, "బోర్డు తేలేసరికి ఇంకెన్ని నెలలవుతుందో. వ్యక్తిగత కారణాలతో వెళ్తున్నానని ఇచ్చెయ్, పండక్కి ఇంట్లో ఉంటావు" అన్నాడు. టైపు చేసిన కాగితం కూడా తెచ్చాడు. పెన్ను చేతిలోకి తీసుకున్నాను. ఎందుకో మావయ్యకి ఒక్క మాట చెబుదామనిపించి ఫోన్ చేశాను. ఆయనది తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం, సుబేదారుగా రిటైరయ్యాడు. "ఒరేయ్ అబ్బాయ్, వాళ్లు పంపిస్తే పంపిస్తారు. నువ్వు మాత్రం వెళ్లిపోతానని రాయకు. ఆ కాగితం తెచ్చి మీ నాన్న నెత్తిన పెడతారు" అన్నాడు. పెన్ను పక్కన పెట్టేశాను. పండక్కి వెళ్లలేదు. ఉగాది కూడా అక్కడే.

మావయ్య అన్న మాటకి ఆధారం మిలటరీ ఆఫీసర్ శిక్షణలోకి తీసుకునే ఎన్‌డీఏ, సీడీఎస్ పరీక్షలకి యూపీఎస్సీ ఇచ్చే నోటిఫికేషన్లలోనే ఉంది. అభ్యర్థి తన చేతిలో ఉన్న కారణాల వల్ల మధ్యలో మానేసినా, కమిషన్ (ఆఫీసర్‌గా నియామకం) ఇస్తామంటే వద్దన్నా, చదువు, తిండి, బట్టలు, జీతభత్యాల ఖర్చులో ప్రభుత్వం నిర్ణయించినంత తిరిగి కట్టాలి. శిక్షణ మధ్యలో పెళ్లి చేసుకున్నవాళ్లకీ అంతే. "తన చేతిలో ఉన్న కారణాలు" అన్న ఆ నాలుగు మాటలే నీకు రక్ష. విరిగిన వెన్ను నీ చేతిలో ఉన్న కారణం ఎలా అవుతుంది? బాండ్ నకలు ఇంట్లో ఉంటే తీయించి ఆ వాక్యం నువ్వే ఒకసారి చదువుకో.

స్వయంగా తప్పుకుంటే పోయేది ఇంకా ఉంది. క్యాడెట్లకి, అంటే మనలా ఆఫీసర్ శిక్షణలో ఉన్నవాళ్లకి, గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంటుంది. నోటిఫికేషన్ ప్రకారం, బోర్డు ద్వారా బయటికొచ్చి పెన్షన్ అర్హత లేనివాళ్లకి 100 శాతం వైకల్యానికి 15 లక్షలు, అక్కణ్ణుంచి తగ్గుతూ 20 శాతానికి 3 లక్షలు. తనంతట తాను వదిలేసినవాళ్లకి ఇది రాదని అందులోనే రాసి ఉంది. పండక్కి ఇంటికెళ్దామన్న తొందరలో నేను ఇది కూడా వదులుకోబోయాను.

ఇక బోర్డు కాగితాల సంగతి. నన్ను అడిగితే మిగతా అన్నిటికంటే ఇదే ముఖ్యం. బోర్డు రాసే ఫారాన్ని ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అంటారు. నీ దెబ్బ శిక్షణ వల్ల వచ్చిందా, లేక ముందే ఉన్నది శిక్షణ వల్ల ముదిరిందా, రెండూ కాదా అన్నది అందులో రాస్తారు. వైకల్యం ఎంత శాతమో కూడా రాస్తారు. రేపు నీకు రావాల్సిన ప్రతి రూపాయీ ఆ రెండు గళ్ల మీదే ఆధారపడి ఉంటుంది. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు మా అమ్మ డాక్టరుగారితో కష్టం చెప్పుకుంటూ, "చిన్నప్పుడు కూడా గట్టు మీంచి పడ్డాడండీ" అనేసింది. పాపం, ఆవిడకేం తెలుసు. అప్పుడు మోకాలికి చర్మం గీసుకుపోయింది, అంతే. కానీ అది నా కేసు కాగితంలోకి ఎక్కింది. చేరేటప్పుడు చేసిన పరీక్షలో మోకాలు బాగుందని వాళ్లే రాసిన రికార్డు చూపించి దాన్ని సరిచేయించుకునేసరికి నెల పట్టింది. ముందునుంచీ ఉన్న జబ్బని తేలితే ఇన్సూరెన్సు కూడా రాదు. డాక్టర్లు అడిగినదానికి అబద్ధం చెప్పొద్దు. సంబంధం లేని పాత సంగతులు తెచ్చి గాయానికి నువ్వే ముడిపెట్టకు. చేరేనాటి పరీక్షలో నమోదు కాని జబ్బు సర్వీసు వల్ల వచ్చినట్టే భావించాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఒక సైనికుడి కేసే అయినా ఆ తీర్పు గుర్తుంచుకో.

దెబ్బ తగిలిన రోజు రిపోర్టు, ఆస్పత్రి డిశ్చార్జి కాగితాలు, స్కాన్లు, బోర్డు ప్రొసీడింగ్స్ అన్నిటికీ నకళ్లు తీసుకో. ఇవ్వకపోతే 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. 30 రోజుల్లో జవాబివ్వాలి. నా బోర్డు కాగితాలు నేను అలాగే తెచ్చుకున్నాను.

డబ్బు విషయంలో పెద్ద ఆశలు పెట్టుకోకు. 2022లో అగ్నిపథ్ రాకముందు, జవానుగా చేరిన కుర్రాడికి శిక్షణలో దెబ్బ తగిలితే వైకల్య పెన్షన్‌కి అర్హత ఉండేది. క్యాడెట్‌కి కమిషన్ వచ్చేది శిక్షణ అయ్యాకే, అందుకని మనకి పెన్షన్ లేదు, మాజీ సైనికుల హోదా లేదు. ఒకే మైదానంలో, ఒకే ఎండలో విరిగిన కాళ్లకి రెండు లెక్కలేమిటన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మనకిచ్చేది ఎక్స్‌గ్రేషియా, అంటే హక్కుగా కాక దయతో ఇచ్చే సొమ్ము. శిక్షణ వల్ల వచ్చిన వైకల్యమని తేలితే నెలకి 9,000, దానికి తోడు 100 శాతం వైకల్యానికి 16,200. శాతం తగ్గితే రెండోదీ ఆ మేరకు తగ్గుతుంది. 20 లోపైతే అది అసలు ఉండదు. నాలాంటి 30 శాతం వాడికి ఆ రెండో పద్దు కింద 4,860 వస్తుంది.

అయితే నా రోజుల కంటే ఇప్పుడు కాస్త నయం. 1985 నుంచి ఇలా ఇంటికి చేరిన క్యాడెట్లు సుమారు 500 మంది ఉన్నారని పత్రికల్లో వచ్చాక, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆ నెలాఖరుకే కేంద్రం మనవాళ్లని మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్‌లోకి తీసుకుంది. ఆ వార్త చూసిన రోజు మా అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఆ తొమ్మిదేళ్లలో నా మోకాలికి అయిన ఖర్చు కొబ్బరికాయల మీద వచ్చిన డబ్బే. అంతకుముందు 2024 జనవరిలో, మాజీ సైనికుల ఉపాధి చూసే రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్ పథకాలు కూడా మనకి వర్తింపజేశారు. వచ్చాక జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి నీ కాగితాలు చూపించి మాట్లాడు.

చదువు విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. పూర్తి చేసిన సెమిస్టర్ల మార్కుల జాబితాలు, సిలబస్ నకలు అడక్కుండానే వచ్చేశాను. వాటి కోసం తర్వాత ఉత్తరాలు రాసి రాసి విసిగిపోయి, 21 ఏళ్ల వయసులో మళ్లీ డిగ్రీ మొదటి ఏడాదిలో కూర్చున్నాను. ఎన్‌డీఏలో అయితే పట్టా ఇచ్చేది ఢిల్లీలోని జేఎన్‌యూ కాబట్టి మార్కుల జాబితా గురించి ఎవరిని అడగాలో అక్కడున్నప్పుడే కనుక్కో. మోకాలు వంగక పొలంలో దిగలేకపోయినా, ఆ మూడేళ్లు కూర్చుని చదివి బ్యాంకు పరీక్ష రాశాను. ఇప్పుడు రాజోలు వైపు ఒక బ్రాంచిలో పనిచేస్తున్నాను.

ఇంకొక్క విషయం. నేను వార్డులో ఉన్నప్పుడు మా ఊరి టీ కొట్టు దగ్గర ఎవరో, మిలటరీవాళ్లు వడ్డీతో సహా కట్టించుకుంటారని చెప్పారట. మా నాన్నగారు నాకు తెలియకుండా తోట బేరం పెట్టేశారు. అడ్వాన్సు పుచ్చుకునే రోజున మావయ్య బస్సెక్కి వచ్చి ఆపాడు. మీ నాన్నగారికి ఈ రాత్రే ఫోన్ చెయ్. బాండ్‌లో ఉన్న వాక్యం చదివి వినిపించు, తోట జోలికి వెళ్లొద్దని చెప్పు.