మద్దెల చేసినవాడి మీద తీర్పు

అమ్మాయ్,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషం వేసింది. ఫార్ములా వన్ గురించి తెలుగులో రాసేవాళ్లు డ్రైవర్ల జీతాలు, గొడవలు దాటి రావడమే తక్కువ, నువ్వు ఏకంగా ఇంజిన్ దాకా వెళ్లావు. రెండోసారి మాత్రం మూడో పేరా దగ్గర ఎర్ర పెన్ను తీశాను. "2011లో కాస్‌వర్త్ ఇంజిన్‌తో విలియమ్స్ జట్టుకు 5 పాయింట్లు. 2012లో రెనో ఇంజిన్ పెట్టగానే 76. కాస్‌వర్త్ సత్తా ఏంటో దీంతో తేలిపోయింది" అన్నావు.

అంకెలు రెండూ కరెక్టే. 2012లో విలియమ్స్ డ్రైవర్ మాల్డొనాడో బార్సిలోనాలో రేసు కూడా గెలిచాడు. కానీ అటో ఏడాది, ఇటో ఏడాది చూసుంటే ఆ వాక్యం రాసేదానివి కాదు. 2010లో అదే కాస్‌వర్త్‌తో అదే విలియమ్స్‌కు 69 పాయింట్లు, జట్ల పట్టికలో ఆరో స్థానం. 2013లో అదే రెనోతో మళ్లీ 5 పాయింట్లు, తొమ్మిదో స్థానం. అంటే 2011లో ఎక్కడుందో సరిగ్గా అక్కడికే వచ్చింది. ఆ 2013లోనే రెనో ఇంజిన్ పెట్టుకుని రెడ్‌బుల్ జట్టు టైటిల్ ఎగరేసుకుపోయింది. నీ లెక్క ప్రకారం రెనో మంచిదా, చెడ్డదా?

ఆడలేక మద్దెల ఓడు అనడం మనకు తెలిసిందే. రాసేవాళ్లం చేసే తప్పు ఇంకా విడ్డూరం. ఆడినవాళ్లు ఆ మాట అనకపోయినా, ఆట బాగోలేదు కాబట్టి మద్దెల ఓడే అయ్యుంటుందని మనమే తేల్చేస్తాం.

కాస్‌వర్త్ లాంటి స్వతంత్ర ఇంజిన్ కంపెనీ పరిస్థితి ఏంటో ముందు పట్టుకో. ఫెరారీకి కారూ ఇంజినూ ఒకే ఇంట్లో తయారవుతాయి. కాస్‌వర్త్‌కు కారు లేదు. ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో ఇంజిన్ చేసి అమ్మేది, కొన్నవాడు తన కారులో బిగించుకునేవాడు. ఒకే కంపెనీ ఐదు హార్స్‌పవర్ మోటారు నలుగురు రైతులు కొన్నారనుకో. ఒకడి బోరులో నీళ్లు పొంగుతాయి, ముగ్గురి బోర్లలో గాలి వస్తుంది. మోటారు మీద తీర్పు చెప్పాలంటే ముందు బోర్ల సంగతి తెలియాలి కదా.

ఈ నాలుగు బోర్ల కథ 2010లో నిజంగా జరిగింది. ఆ ఏడాది గ్రిడ్‌లో 12 జట్లుంటే నాలుగింటికి కాస్‌వర్తే ఇంజిన్ ఇచ్చింది. విలియమ్స్ పాత కాపు, మిగతా మూడూ అప్పుడే పుట్టినవి. వాటి అవస్థలు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో జాలిపడాలో తెలీదు. హెచ్ఆర్‌టీ జట్టులో మన చెన్నై కుర్రాడు కరుణ్ చందోక్, బహ్రెయిన్‌లో క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయల్దేరాలో తేల్చే పోటీ) మొదలయ్యాకే తన కారును మొదటిసారి నడిపాడు. అంతకుముందు ఆ కారు ఒక్క ల్యాప్ కూడా తిరగలేదు. వర్జిన్ జట్టుదైతే మరీ విచిత్రం. గాలి సొరంగంలో పరీక్షించకుండా మొత్తం కంప్యూటర్ మీదే కారు గీశారు. తీరా చూస్తే రేసు చివరిదాకా పూర్తి వేగంతో నడవడానికి పెట్రోలు ట్యాంకు చాలదు! ఆ సీజన్ నుంచే రేసు మధ్యలో పెట్రోలు పట్టడం నిషేధం. చివరికి రేసుల నిబంధనలు పెట్టే ఎఫ్ఐఏ అనుమతి తీసుకుని కారునే మార్చుకోవాల్సి వచ్చింది. ఇదేం తెలియకుండా "పెట్రోలు చాలలేదు" అన్న ముక్క ఒక్కటే చదివినవాడు ఏం రాస్తాడు? "కాస్‌వర్త్ తాగుబోతు ఇంజిన్" అని రాస్తాడు.

మూడోది లోటస్ రేసింగ్. నీ వ్యాసానికి అసలైన ఉదాహరణ ఇదే, నువ్వు వదిలేశావు. 2010లో కాస్‌వర్త్‌తో సున్నా పాయింట్లు, పదో స్థానం. 2011లో రెనో ఇంజిన్, దాంతో పాటు రెడ్‌బుల్ గేర్‌బాక్స్ తెచ్చుకున్నారు. వచ్చిన పాయింట్లు మళ్లీ సున్నా, మళ్లీ పదో స్థానమే. ఆ తర్వాత పేరు కేటర్‌హామ్ అయింది. 2013లో రెనోతో నడిచిన ఆ జట్టును కాస్‌వర్త్‌తో నడిచిన మరూసియా వెనక్కి నెట్టింది. మరూసియా అంటే ఎవరనుకున్నావ్, ట్యాంకు చాలని ఆ వర్జినే, పేరు మార్చుకుంది. మలేసియాలో వాళ్ల డ్రైవర్ బియాంకి తెచ్చిన 13వ స్థానం వల్ల ఇద్దరికీ సున్నాలే ఉన్నా పదో స్థానం వాళ్లకు దక్కింది. దీన్నిబట్టి కాస్‌వర్త్ గొప్పదని కూడా రాయకు. ఇంజిన్ మార్పు మీద అంత నమ్మకంగా తీర్పు చెప్పడానికి ఇక్కడ సరుకు లేదు, అంతే.

మెచ్చుకునేటప్పుడూ ఇదే పొరపాటు జరుగుతుంది. 2010 బ్రెజిల్‌లో హల్కెన్‌బర్గ్ విలియమ్స్-కాస్‌వర్త్‌లో పోల్ (రేసులో అందరికంటే ముందు నుంచి బయల్దేరే చోటు) కొట్టాడు. రెండో స్థానంలో ఉన్న వెట్టెల్ కంటే సెకను పైన ముందు. ఆ రాత్రి మా డెస్క్‌లో "కాస్‌వర్త్ గర్జన" అని హెడ్డింగ్ పెడదామన్నారు. తడిసిన ట్రాక్ ఆరుతోంది, సరిగ్గా ఆ సమయానికి పొడి టైర్లు వేసుకుని, వాటిలో వేడి పట్టించి ఆఖర్లో ల్యాప్ తీసినవాడి తెలివి అది. మర్నాడు పొడి ట్రాక్ మీద మొదటి ల్యాప్‌లోనే వెట్టెల్, వెబ్బర్ దాటేశారు. ఎనిమిదో స్థానంతో ముగించాడు. ఇంజిన్ అదే, కారు అదే, మనిషీ అతనే.

ఇక నా సంగతి చెప్తాను, నవ్వుకో. 2011 అక్టోబరులో గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రి. నారాయణ్ కార్తికేయన్ హెచ్ఆర్‌టీలో ఉన్నాడు, వెనక కాస్‌వర్త్ ఇంజిన్. మూడో మలుపు దాటాక కిలోమీటరు పైన పొడవున్న స్ట్రెయిట్, అంటే మలుపుల్లేని దారి ఉంది. అక్కడ కంచె పక్కన నిలబడి చూశాను. ఒకడి తర్వాత ఒకడు నారాయణ్‌ను ఈగను తోలినట్టు తోలేసి పోతున్నారు. హోటల్‌కు వెళ్లి "ఇంజిన్‌లో దమ్ము లేదు" అని రాసి పంపేశాను. అచ్చయింది.

రేసు రోజు పక్కనున్న ఫోటోగ్రాఫర్ ఒకాయన అన్నాడు: "స్ట్రెయిట్ కాదు గురూ, మలుపులోంచి బయటికొచ్చేది చూడు." చూశాను. నారాయణ్ కారు వెనక చక్రాలు జారుతున్నాయి. స్టీరింగ్ సర్దుకుంటూ, మిగతావాళ్ల కంటే ఆలస్యంగా యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు. కిందకి అదిమి పట్టే గాలి ఆ కారుకు తక్కువ. స్ట్రెయిట్ మొదట్లో పోగొట్టుకున్న వేగం చివరిదాకా పోయినట్టే. పైగా హెచ్ఆర్‌టీకి కెర్స్ లేదు. ముందున్న జట్లకు ఉంది. అంటే బ్రేకు వేసినప్పుడు దాచిన శక్తితో ల్యాప్‌కు ఆరేడు సెకన్ల పాటు సుమారు 80 హార్స్‌పవర్ అదనం. నేను ఇంజిన్‌లో లేదన్న దమ్ము ఇంజిన్‌ది కానే కాదు. అలాంటి కారుతో నారాయణ్ ఆ రోజు 17వ స్థానంలో, తన జట్టు సహచరుడు రికియార్డో కంటే ముందు రేసు ముగించాడు. నా వ్యాసంలో ఆ కష్టం గురించి ఒక్క ముక్క లేదు.

పాత చరిత్ర రాసిన పేరా బాగుంది. ఒక్క సవరణ. కాస్‌వర్త్ పాత డీఎఫ్‌వీ ఇంజిన్‌కు 155 విజయాలని రాసి వదిలేశావు. 1969లో, 1973లో ప్రతి రేసూ ఆ ఇంజినే గెలిచింది నిజమే, కానీ గ్రిడ్‌లో ఎంతమంది దాన్నే వాడుతున్నారో కూడా చెప్పు. ఊరంతా ఒకే విత్తనం వేస్తే మంచి పంట కూడా ఆ విత్తనానిదే అవుతుంది. డీఎఫ్‌వీ గొప్పతనం చూపించాలంటే నాకైతే 1967 జూన్ 4 చాలు. నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో దానికి మొదటి రేసు. దాన్ని బిగించినవి ఆనాటి లోటస్ జట్టు కార్లు రెండు. పోల్ మీద ఉన్న గ్రాహమ్ హిల్ కారులో టైమింగ్ గేర్ విరిగి ఆగిపోయింది, జిమ్ క్లార్క్ గెలిచాడు. హిల్‌ను చూసి రాస్తే ఫెయిల్, క్లార్క్‌ను చూసి రాస్తే అద్భుతం. ఆ ఇంజిన్ గీసిన కీత్ డక్‌వర్త్ రెండూ రాసుకోలేదు. గేర్లలోని అదురును మింగేలా సన్నటి మెలితిరిగే కడ్డీలు పెట్టి ఆ జబ్బు కుదిర్చాడు. ఫోర్డ్ పెట్టిన లక్ష పౌండ్ల ఖర్చుతో పుట్టిన ఆ ఇంజిన్ 1983 దాకా రేసులు గెలిచింది. తప్పు బయటపడ్డాక ఏం చేశారన్నది నువ్వు అడగదగ్గ ప్రశ్న.

మరి 2010-13 కాస్‌వర్త్ గురించి ఏం రాయొచ్చు? చాలానే ఉంది. 2006లో 20,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా తిరిగిన ఇంజిన్‌ను 18,000కు తగ్గించి తెచ్చారు. పవర్ పెంచుకుందామంటే నిబంధనలు ఒప్పుకోవు, డిజైన్ ఫ్రీజ్ అయిపోయింది. డ్రైవర్‌కు సీజన్‌కు ఎనిమిది ఇంజిన్లే. ఎవరు ఎన్ని వాడారో, రిటైర్మెంట్లలో (కారు రేసు మధ్యలో ఆగిపోవడాల్లో) ఎన్ని నిజంగా ఇంజిన్‌వో, ఎన్ని గేర్‌బాక్స్, హైడ్రాలిక్స్‌వో లెక్క తియ్. అది కాస్‌వర్త్ చేతిలో ఉన్న పని. 2006 మెల్‌బోర్న్‌లో రేసులో ముందున్న వెబ్బర్ విలియమ్స్ ఆగిపోతే అదీ కాస్‌వర్త్ ఖాతాలో వేసినవాళ్లున్నారు, పోయింది ట్రాన్స్‌మిషన్.

కాస్‌వర్త్‌కు వకాల్తా పుచ్చుకోమని చెప్పడం లేదు. నా అంచనాలో వాళ్లు వెనకబడింది గుర్రాల లెక్కలో కాదు. 2011లో యాక్సిలరేటర్ వదిలినా కారును నేలకు అదిమిపట్టేలా ఎగ్జాస్ట్ గాలిని దాని కిందికి ఊదించే పద్ధతి నడిచింది. దానికి ఇంజిన్ మ్యాపులు (ఇంజిన్ ఎప్పుడెలా నడవాలో చెప్పే సాఫ్ట్‌వేర్ లెక్కలు) రాసేవాళ్లూ కారు గీసేవాళ్లూ ఒకే బల్ల దగ్గర నెలల తరబడి కూర్చోవాలి. రెనో రెడ్‌బుల్‌తో అలా కూర్చుంది. డబ్బుల్లేని జట్లకు ఇంజిన్ అమ్ముకునే కంపెనీకి అంత తీరిక, అంత ఖర్చు ఎక్కడివి? దీని మీద రెండు పేరాలు రాయి. నీ వ్యాసంలో అసలు విషయం అక్కడుంది.

మూడో పేరా కొట్టేసి, విలియమ్స్ నాలుగేళ్ల పాయింట్లు వరసగా పెట్టు: 69, 5, 76, 5. వాటి కింద ఏమీ తేల్చకు, తర్వాతి పేరాకి వెళ్లిపో. ఇంకోటి, డక్‌వర్త్ పేరు రెండు చోట్ల రెండు రకాలుగా రాశావు, సరిచూసుకో.

బుద్ధ్ రేసు నాటి నా పేపర్ కటింగ్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాను. అద్దాలు ఎక్కడో పెట్టి వెతుక్కుంటున్నాను, దొరకగానే. ఆదివారం లోపు కొత్త డ్రాఫ్ట్ పంపు.

మీ మాస్టారు