సర్జరీకి దాచిన డబ్బు స్లీప్ టెస్టులకే ఖర్చవుతుంటే...

ప్రశ్న: బరువు తగ్గే సర్జరీ చేయించుకోవాలని కొన్నేళ్లుగా నెలనెలా కొంత పక్కన పెడుతూ వచ్చాను. తీరా తేదీ అడిగితే ముందు స్లీప్ అప్నియా (నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు) పరీక్ష చేయించుకు రమ్మన్నారు. ఇంట్లో చేసుకునే పరీక్షలో వేలికి పెట్టిన సెన్సర్ అర్ధరాత్రి ఊడిపోవడంతో రికార్డు పనికిరాదన్నారు. మళ్లీ చేస్తే ఫలితం స్పష్టంగా లేదని ల్యాబ్‌కు పంపారు. అక్కడ తేదీ దొరకడానికే వారాలు పట్టింది. ఒక మోస్తరు అప్నియా ఉందని తేలాక, సీపాప్ మిషన్ (నిద్రలో మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి శ్వాస ఆగకుండా చూసేది) ప్రెషర్ నిర్ణయించడానికి ఇంకో రాత్రి వచ్చి పడుకోమంటున్నారు. ఆ మిషన్ కొన్ని వారాలు వాడినట్టు చూపిస్తేనే ఆపరేషన్ అట. ఈలోగా నా బీమా పాలసీ సంవత్సరం ముగిసిపోతోంది. గురక తప్ప నాకు వేరే ఇబ్బంది ఏమీ లేదు. ఇంకో ఆస్పత్రివారు ఈ పరీక్షలేవీ అడగకుండా, బీమాతో పని లేకుండా, మొత్తం నేనే కట్టుకుంటే వెంటనే చేస్తామంటున్నారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మధ్యలో రద్దు చేసి అక్కడికి వెళ్లిపోనా? మిషన్ కొనుక్కోవడమే మంచిదా, అద్దెకు తీసుకోవాలా?

జవాబు: మీ విసుగు న్యాయమైనదే. ఒకే పరీక్షకు రెండుసార్లు డబ్బు కట్టి, సెలవులు పెట్టి, చివరికి మూడోసారి ల్యాబ్‌కు వెళ్లమని చెప్పించుకున్న మనిషికి ఇదంతా కాలయాపనగా తోచడంలో ఆశ్చర్యం లేదు. అయినా ముందు నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. పరీక్ష అడగని ఆస్పత్రికి వెళ్లడం కోసం డిపాజిట్‌ను రద్దు చేయకండి. మీ డబ్బుకు నష్టం పరీక్ష వల్ల రావడం లేదు. ఆ పరీక్షను ఎవరు అడిగారో, ఏ రకం పరీక్ష చేస్తే ఒప్పుకుంటారో కాగితం మీద రాయించుకోకుండా ఒక్కొక్కటిగా కట్టుకుంటూ పోవడం వల్ల వస్తోంది. దీన్ని ఇప్పటికైనా సరిచేయవచ్చు.

వైద్య నిర్ణయం మీ డాక్టర్లదే. కాని ఖర్చు లెక్క అర్థం కావాలంటే ఈ పరీక్ష ఎందుకో కొంత తెలిసి ఉండాలి. నిద్రలో శ్వాస కనీసం 10 సెకన్లపాటు ఆగిపోవడమో, బాగా తగ్గిపోవడమో గంటకు ఎన్నిసార్లు జరుగుతోందో లెక్కించి, 5 నుంచి 15 లోపు ఉంటే తక్కువ స్థాయి, 15 నుంచి 30 లోపు ఉంటే ఒక మోస్తరు, 30, ఆ పైన ఉంటే తీవ్రం అంటారు. మత్తుమందు గొంతులోని కండరాలను సడలిస్తుంది. ఆపరేషన్ తర్వాత నొప్పికి ఇచ్చే ఓపియాయిడ్ మందులు శ్వాసను మందగింపజేస్తాయి. అప్నియా ఉన్న మనిషికి ఈ రెండూ కలిసిన మొదటి రాత్రులే ప్రమాదకరమైనవి. అప్నియా ఉందని ముందే తెలిస్తే మత్తు డాక్టర్లు మందుల మోతాదు మార్చుకుంటారు, తల ఎత్తుగా పడుకోబెడతారు, ఆక్సిజన్‌ను విడవకుండా గమనిస్తారు, వార్డులో సీపాప్ సిద్ధంగా ఉంచుతారు. తెలియకపోతే ఆ రాత్రి అనుకోకుండా ఐసీయూకు మార్చాల్సి రావచ్చు. మీరు పొదుపు చేయదలచిన పరీక్ష ఖర్చును అనుకోని ఐసీయూ బిల్లు పక్కన పెట్టి చూడండి. గురక తప్ప ఏమీ లేదన్నారు కాబట్టి మరొక మాట. ఈ జబ్బులో శ్వాస ఆగిన సంగతి పడుకున్న మనిషికి తెలియదు, పక్కన ఉన్నవారికి తెలుస్తుంది. పైగా మీ రిపోర్టు ఇప్పటికే ఒక మోస్తరు అని చెప్పింది. అది చేతిలో ఉన్నాక పరీక్ష లేని చోటు వెతకడం అంటే తెలిసిన ప్రమాదాన్ని దాచిపెట్టి బల్ల మీదికి ఎక్కడమే. దీనికి నేను ఏ లెక్క ప్రకారమూ సరేననలేను.

ఇంటి పరీక్ష రెండుసార్లు ఎందుకు విఫలమైందన్న కోపం మీకు మిగిలే ఉంటుంది. ఇంట్లో ఇచ్చే పరికరం సాధారణంగా ముక్కు దగ్గర గాలి, ఛాతీ కదలిక, వేలి దగ్గర ఆక్సిజన్, గుండె వేగం వంటివి మాత్రమే చూస్తుంది. మెదడు తరంగాలను చూడదు కాబట్టి మీరు నిజంగా నిద్రపోయారా, ఊరికే కళ్లు మూసుకుని పడుకున్నారా అన్నది చాలా పరికరాలకు తెలియదు. మొత్తం రికార్డు చేసిన గంటలతో భాగించడం వల్ల మెలకువగా గడిపిన గంటలు కూడా లెక్కలో చేరి సంఖ్య అసలు కంటే తక్కువగా కనిపించవచ్చు. అందుకే అప్నియా అనుమానం బలంగా ఉన్నవారికి ఇంటి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా, రికార్డు పాడైనా, ల్యాబ్‌లో పాలిసామ్నోగ్రఫీ (మెదడు తరంగాలతో సహా రాత్రంతా నమోదు చేసే పూర్తి నిద్ర పరీక్ష) చేయించమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017 మార్గదర్శకాలు చెబుతాయి. ఇందులో మనకు పనికొచ్చే పాఠం ఒకటి ఉంది. పరికరం ఇచ్చేటప్పుడే, రికార్డు పాడైతే రెండోసారి ఉచితమా, మళ్లీ కట్టాలా అని అడగాలి. సెన్సర్ ఊడిపోయి రికార్డు రాకపోతే పూర్తి రుసుము తీసుకోవడం సబబు కాదు. మీకు మొదటిసారి రుసుము వెనక్కివ్వమని ఆ కేంద్రానికి ఇప్పుడైనా రాయండి. రికార్డు పనికిరాలేదని వారే రాసిచ్చిన కాగితం మీ దగ్గర ఉండే ఉంటుంది కదా, దాన్ని జత చేయండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ పరీక్షను అడిగింది సర్జన్, మత్తు డాక్టర్, బీమా కంపెనీ, ఆస్పత్రి నియమావళి, వీటిలో ఎవరు? జవాబును బట్టి మీకు ఉన్న వెసులుబాటు మారిపోతుంది. అప్నియా ఉందన్న అనుమానం మాత్రమే ఉన్నప్పుడు, అదుపులో లేని ఇతర జబ్బులో, శ్వాస మందగించే సమస్యో లేకపోతే, పరీక్ష కోసం ఆపరేషన్‌ను తప్పనిసరిగా వాయిదా వేయాలనడానికి చాలినంత ఆధారం లేదని సొసైటీ ఆఫ్ అనెస్థీషియా అండ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. అంటే జాగ్రత్తలతో ముందుకు వెళ్లే దారి కొందరికి ఉంటుంది. కాని బరువు చాలా ఎక్కువగా ఉన్నవారిలో పగటిపూట కూడా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే స్థితి ఉండే అవకాశం ఉంది, అది ఉంటే ఈ వెసులుబాటు ఉండదు. మీ విషయంలో అది ఉందో లేదో తేల్చేది మత్తు డాక్టరే. కాబట్టి ఆయననే నేరుగా కలిసి, ‘ఆపరేషన్ ముందు నాకు తప్పనిసరిగా కావలసినవి ఏవి, ఆ తర్వాత చేసుకోగలిగినవి ఏవి’ అని అడిగి రాయించుకోండి. షరతు బీమా కంపెనీదైతే మాత్రం డాక్టర్ మాట ఒక్కటే సరిపోదు. ఏ రకం పరీక్ష, ఎన్ని నెలల లోపు రిపోర్టు, మిషన్ ఎన్ని రోజుల వాడకం చూపించాలి అన్న మూడు ప్రశ్నలకు వారి నుంచి ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున ఎవరికీ గుర్తుండదు.

ప్రెషర్ నిర్ణయించడానికి అడుగుతున్న ఆ రెండో రాత్రి ఖర్చు తగ్గే అవకాశం ఉంది. ఇతర పెద్ద జబ్బులు లేని పెద్దవారికి అప్నియా చికిత్సను ల్యాబ్‌లో ప్రెషర్ చూసి మొదలుపెట్టినా, ఇంట్లో తనంతట తానే ప్రెషర్ మార్చుకునే ఆటో మిషన్‌తో మొదలుపెట్టినా ఫరవాలేదని అమెరికన్ అకాడమీ 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ గుండె, ఊపిరితిత్తుల పరిస్థితి అందుకు అనువైనదో కాదో స్లీప్ డాక్టర్‌ను అడగండి. ఆయన సరేనంటే ఒక రాత్రి రుసుముతో పాటు మరో తేదీ కోసం ఎదురుచూసే వారాలు కూడా మిగులుతాయి. పాలసీ సంవత్సరం ముగింపు దగ్గరపడిన మీకు ఆ వారాల విలువ రుసుము కంటే ఎక్కువ.

మిషన్ విషయంలో లెక్క చాలా సులువు. కొనుగోలు ధరను నెల అద్దెతో భాగిస్తే ఎన్ని నెలల అద్దె కొనుగోలుకు సమానమో వస్తుంది. ఉదాహరణకు ధర 10 నెలల అద్దెకు సమానమైతే, 10 నెలల లోపే మిషన్ అక్కర్లేకుండా పోతుందనుకుంటేనే అద్దె లాభం. అయితే ఎప్పుడు అక్కర్లేకుండా పోతుందో ఆపరేషన్ ముందు ఎవరూ చెప్పలేరు. బరువు తగ్గుదలలో అధిక భాగం మొదటి ఏడాది, ఏడాదిన్నరలోనే జరుగుతుంది. దానితో చాలామందికి అప్నియా బాగా తగ్గుతుంది, కొందరికి మిగిలిపోతుంది. గురక ఆగింది కదా అని మిషన్ తీసేయకుండా మళ్లీ పరీక్ష చేయించుకున్నాకే నిర్ణయించాలి. కాబట్టి ఆ భవిష్యత్ పరీక్ష ఖర్చును కూడా ఇప్పుడే పక్కన పెట్టండి. నా సలహా మొదట అద్దె, అదీ అద్దెలో కొంత భాగాన్ని కొనుగోలు ధరలో తగ్గిస్తామని రాసిచ్చేవారి దగ్గర. మాస్క్ మాత్రం అద్దెకు తీసుకునేది కాదు, మీ ముఖానికి సరిపోయేది సొంతంగా కొనాలి. డిస్కౌంట్ ఉందని రెండు మూడు కొని దాచకండి. బరువు తగ్గేకొద్దీ బుగ్గలు తగ్గుతాయి, నిన్నటి వరకు బిగుతుగా ఉన్న మాస్క్ అంచుల నుంచి గాలి బయటికి పోతుంది, సైజు మార్చక తప్పదు. ట్యూబు, ఫిల్టర్లు, తేమ ఇచ్చే భాగం అద్దెలో కలిసి ఉన్నాయో లేదో కూడా అడగండి.

వాడకం చూపించే షరతుకు వాదన అక్కర్లేదు, రికార్డు చాలు. మిషన్ ప్రతి రాత్రి ఎన్ని గంటలు వాడారో తనంతట తానే నమోదు చేస్తుంది. చాలాచోట్ల చూసే కొలమానం రాత్రికి కనీసం 4 గంటల చొప్పున, 70 శాతం రాత్రులు. మొదటి వారం మాస్క్ ఇబ్బందిగా ఉండి తీసేసిన రాత్రులు ఈ శాతాన్ని పడగొడతాయి. అందువల్ల మాస్క్ సరిగా కూర్చోకపోతే నెలాఖరు వరకు ఓర్చుకోకుండా మర్నాడే మార్పించుకోండి, లేదంటే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

పాలసీ సంవత్సరం గురించి. ఏటా మొదట కొంత మొత్తం మీరే భరించాల్సిన పాలసీ అయితే, ఈ ఏడాది పరీక్షలకు కట్టినది ఆ మొత్తంలో ఎంతవరకు జమ అయిందో తెలుసుకోండి. ఆపరేషన్ వచ్చే ఏడాదికి జారితే ఆ మొత్తం మళ్లీ మొదటినుంచి భరించాలి. ఆ తేడాను ఒక కాగితం మీద వేసి, అది సొంత ఖర్చుతో చేయించుకునే మొత్తంలో ఎంత భాగమో చూడండి. నాకు తెలిసినంతలో సర్జరీకి బీమా వర్తించే మనిషికి ఆ భాగం చిన్నదే అవుతుంది. ఒక ఏడాది అదనపు భారం భరించి బీమాలోనే ఉండటం, మొత్తం చేతినుంచి కట్టడం కంటే మేలు. పైగా బీమా వర్తించని ఆపరేషన్ తర్వాత వచ్చే చిక్కులకు కూడా డబ్బు ఇవ్వబోమనే షరతు కొన్ని పాలసీల్లో ఉంటుంది. ఆ ఆస్పత్రి చెప్పిన మొత్తంలో మళ్లీ చేరాల్సి వస్తే అయ్యే ఖర్చు కలిసి ఉందా అని మీరు అడిగి ఉండరనే అనుకుంటున్నాను.

డిపాజిట్‌ను అలాగే ఉంచమనడానికి మరో కారణం ఆపరేషన్ తర్వాతి ఖర్చు. విటమిన్లు, ఖనిజాల మాత్రలు దాదాపు జీవితాంతం వాడాలి, రక్తపరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి, పనికి వెళ్లలేని వారాల్లో ఇల్లు గడవాలి. పర్సనల్ లోన్ మీద ఆపరేషన్ చేయించుకుంటే, చేతిలో డబ్బు తగ్గినప్పుడు మానేయాలనిపించేది ఈ మాత్రలు, పరీక్షలే. అందుకే కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు ఆ డిపాజిట్‌లో కదలకుండా ఉండాలని పట్టుబడుతున్నాను. పరీక్షలకు, అద్దెకు కావలసినది మీరు సర్జరీకి దాచిన నిధి నుంచే తీయండి, నిధి తగ్గిన మేరకు నెలనెలా వేసే మొత్తాన్ని ఆపరేషన్ తేదీ వరకు కొనసాగించండి.

ఇకపై కొత్త ఆరోగ్య బీమాకో, జీవిత బీమాకో దరఖాస్తు చేస్తే అప్నియా ఉన్నట్టు తప్పక రాయండి. ప్రీమియం కొంత పెరగవచ్చు. దాచిపెట్టిన సంగతి బయటపడితే క్లెయిమ్ తిరస్కరించవచ్చు, అప్పుడు నష్టపోయేది మీ కుటుంబం. చికిత్స తీసుకుంటున్నట్టు మిషన్ రికార్డు చూపగలిగితే బీమా కంపెనీలు కొంత అనుకూలంగా చూస్తాయి కాబట్టి ఆ రిపోర్టులను మూడు నెలలకోసారి దించుకుని భద్రపరచుకోండి.

ఈ వారంలో చేయాల్సింది మత్తు డాక్టర్ అపాయింట్‌మెంట్, బీమా కంపెనీకి ఈమెయిల్, పాడైన పరీక్ష రుసుము కోసం ఆ కేంద్రానికి ఉత్తరం. ఈ మూడింటికీ జవాబులు వచ్చేవరకు ల్యాబ్‌లో రెండో రాత్రికి అడ్వాన్స్ కట్టకండి. అయితే తేదీ చేజారకుండా, అడ్వాన్స్ లేకుండా పేరు రాయించుకునే వీలుంటే రాయించుకుని ఉంచండి.