మెడిసిన్ మానేయకండి, స్కాన్ చదవడం నేర్చుకోండి

ప్రశ్న: మెడిసిన్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఎదురుగా ఉన్న గదిలోనే త్రీడీ బొమ్మ ఉన్నట్టు చూపించే ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్) కళ్లజోడు పెట్టి అనాటమీ క్లాసులో గుండెను చూపించారు. అప్పటి నుంచి అలాంటివి తయారుచేయాలని ఉంది. చదువు మానేసి కోడింగ్ నేర్చుకోవాలా?

జవాబు: మానేయొద్దు. కోడ్ రాసేవాళ్లు దొరుకుతారు. ఆ బొమ్మ గుండెలో ఎడమ కరొనరీ ధమని చీలాల్సిన చోటే చీలిందా అని చూసి చెప్పగలిగేవాళ్లే తక్కువ.

ఏ కళ్లజోడు నేర్చుకోవాలన్న టెన్షన్ కూడా వద్దు. అమెరికాలో కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ, క్లీవ్‌లాండ్ క్లినిక్ కలిసి చేసిన హోలోఅనాటమీ అనే ఏఆర్ అనాటమీ పాఠాల సాఫ్ట్‌వేర్ గురించి వినే ఉంటారు. అది మైక్రోసాఫ్ట్ ఏఆర్ కళ్లజోడు హోలోలెన్స్ మీద నడిచింది. 2016లో వచ్చిన ఆ పరికరానికి 2019లో రెండో మోడల్ వచ్చింది, 2024లో తయారీయే ఆగిపోయింది. పరికరాల ఆయుష్షు అంతే.

స్కాన్ అలా కాదు. సీటీ, ఎంఆర్‌ఐ చిత్రాలు డైకామ్ అనే వైద్య చిత్రాల ప్రామాణిక ఫార్మాట్‌లో పొరలు పొరలుగా ఉంటాయి. ఒక్కో పొరలో ఏది ఎముక, ఏది రక్తనాళం, ఏది కండరం అని విడదీయడమే సెగ్మెంటేషన్. ఆ పొరలన్నీ కలిస్తే త్రీడీ మోడల్. సీటీలో ఎముక తెల్లగా కనిపిస్తుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని సులువుగానే పట్టేస్తుంది. సన్నటి నరాలు చుట్టుపక్కల కణజాలంలో కలిసిపోతాయి, అవి ఎటు వెళ్తున్నాయో అనాటమీ చదివిన కన్నే చెప్పాలి. త్రీడీ స్లైసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో నమూనా స్కాన్లు కూడా దొరుకుతాయి. వాటితోనే మొదలుపెట్టండి. రోగుల స్కాన్లను మాత్రం అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. పేరు చెరిపేసినా, తల స్కాన్‌ను త్రీడీ చేస్తే ముఖం పోలికలు వచ్చేస్తాయి.

మోడల్‌ను ఏఆర్ యాప్‌గా మార్చే యూనిటీ సాఫ్ట్‌వేర్, అందులో కోడ్ రాసే సీ షార్ప్ భాష ఆ తర్వాత, సెలవుల్లో. ఫోన్లలో ఏఆర్ యాప్‌లు చేయడానికి యాపిల్ ఏఆర్‌కిట్, గూగుల్ ఏఆర్‌కోర్ 2017లోనే వచ్చాయి కాబట్టి చాలా ఫోన్లలో ఏఆర్ నడుస్తుంది, కళ్లజోడు కొనక్కర్లేదు.

సిలబస్ మొత్తాన్ని ఏఆర్‌లో పెట్టాలనే ఉత్సాహం నాకు నచ్చదు. కండరాలు ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటాయో గుర్తుపెట్టుకోవడానికి పుస్తకం, ఎముకల పెట్టె చాలు. కణజాలం చేతికి ఎలా తగులుతుందో డిసెక్షన్ హాల్లోనే తెలుస్తుంది. మెదడులో ద్రవం నిండిన గదులైన వెంట్రికల్స్, కడుపు లోపలి పొర అయిన పెరిటోనియం మడతల్లాంటివి వేరు. చదునైన బొమ్మలో ఏది ముందో ఏది వెనకో అర్థం కాక అందరూ తికమకపడేది అక్కడే. మీరు ఎంచుకోవాల్సింది అలాంటి టాపిక్.

డిగ్రీ అయ్యాక సర్జికల్ నావిగేషన్ (ఆపరేషన్‌లో స్కాన్ చూపిస్తూ సర్జన్‌కు దారి చెప్పడం), సిమ్యులేషన్ సంస్థలున్నాయి, వైద్య చిత్రణలో (మెడికల్ ఇలస్ట్రేషన్) పీజీ కోర్సులూ ఉన్నాయి. జాన్స్ హాప్కిన్స్‌లో ఆ విభాగం 1911 నుంచే నడుస్తోంది, అంటే ఇదేమీ నిన్న పుట్టిన వృత్తి కాదు.

ఈ ఏడాదికి ఒక్క వెంట్రికల్స్ మోడల్ చేయండి. ప్రొఫెసర్ అనుమతితో క్లాసులో సగం మందికి అది, మిగతా సగానికి పుస్తకం ఇచ్చి, రెండు గుంపులకీ ఒకే పరీక్ష పెట్టండి. పుస్తకం గుంపుకే ఎక్కువ మార్కులు వచ్చినా ఆ కాగితాలు పారేయకండి. ఎక్కడ తప్పారో చూసి మోడల్ మార్చి మళ్లీ పెట్టండి. రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు చూపించాల్సింది ఆ రెండు ఫలితాలనూ.