అప్పీలులో ‘తిరస్కరించారు’ అనాలా, ‘నిరాకరించారు’ అనాలా?

అన్నా, మిర్యాలగూడ దగ్గర మీ పంచాయతీ ఖర్చుల వివరాల కోసం వేసిన ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తుకి ‘దరఖాస్తు తిరస్కరించడమైనది’ అని ఒక్క లైను జవాబు వచ్చిందన్నారు. అప్పీలులో ఏ మాట వాడాలన్నదే కదా మీ టెన్షన్.

‘తిరస్కరించారు’ అనే రాయండి. చేతికొచ్చిన దరఖాస్తును, నామినేషన్‌ను, ప్రతిపాదనను ఒప్పుకోకపోతే అది తిరస్కరించడం. ‘నిరాకరించారు’ అనే మాటకు ముందు మామూలుగా ఒక పని చెప్పే మాట ఉంటుంది: ‘వివరాలు ఇవ్వడానికి నిరాకరించారు’. పిటిషన్‌ను కోర్టు కొట్టివేస్తుంది, వాదనను తోసిపుచ్చుతుంది. ఆ రెండూ మీకిక్కడ అక్కర్లేదు. మన నల్గొండలో ‘రిజెక్ట్ చేసిండ్రు’ అంటే అన్నింటికీ సరిపోతది గానీ, కాగితం మీద అంత సుఖం లేదు.

‘తిరస్కరించబడింది’ అని మాత్రం వద్దు. ఎవరు చేశారో అందులో కనపడదు. ఆఫీసుల వాళ్లకు అది ఇష్టమే అనుకోండి. ఇలా రాయండి: ‘పౌర సమాచార అధికారి ఫలానా తేదీ లేఖతో నా దరఖాస్తును కారణం చూపకుండా తిరస్కరించారు.’

మీ బలమంతా ఆ ‘కారణం చూపకుండా’లోనే ఉంది. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 7(8) ప్రకారం తిరస్కరిస్తే కారణం, అప్పీలు గడువు, ఎవరికి అప్పీలు చేయాలో ఆ అధికారి తెలియజేయాలి. 30 రోజుల్లో అసలు జవాబే ఇవ్వకపోయినా చట్టం దాన్ని తిరస్కరణగానే చూస్తుంది.

లేఖ అందిన 30 రోజుల్లో సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు వేయండి. లేఖ వచ్చిన కవరు పారేయకండి, అందిన తేదీకి దాని మీది పోస్టాఫీసు ముద్ర పనికొస్తుంది.