మీ నాన్నగారి ప్రెస్ షాపు ఎక్కడమ్మా?

అమ్మా,

నీ కథ చదివాను. కోపం తగ్గాక మళ్లీ చదివాను. భాష బావుంది. ఇక నాకు కోపం ఎందుకొచ్చిందో చెప్తాను.

హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఆల్విన్ ఫ్యాక్టరీ, అందులో జీవితమంతా పనిచేసిన తండ్రి. మూసిన గేటు, తుప్పు పట్టిన తాళం, మోగని సైరన్, గోడలో మొలిచిన రావి మొక్క. వీటికే నాలుగు పేజీలు పోయాయి. ఆయన ప్రెస్ షాపులో, అంటే రేకుని ఒత్తి వంచే మిషన్ల దగ్గర, చేసేవాడని మాత్రం ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశావు. ప్రెస్ మీద ఏం చేసేవాడమ్మా? ఫ్రిజ్ తలుపు రేకు వంచేవాడా, రేకుకి ఆకారమిచ్చే అచ్చు, ఆ డై బిగించేవాడా? ఆయనకి పది వేళ్లూ ఉన్నాయా? ప్రెస్ షాపులో వయసు మళ్లినవాళ్ల చేతులు ఎప్పుడైనా గమనించావా? జీతమెంత, ఓటీ ఎంత, ఆ డబ్బుతో ఇంట్లో ఎవరెవరు చదువుకున్నారు? నీ కథలో ఆ మనిషి బాధపడటం తప్ప ఇంకే పనీ చేయడు.

ఈ మధ్య ఫ్యాక్టరీల మీద వస్తున్న కథలన్నీ ఇంతే. మూతపడితేనే రచయితలకి కనిపిస్తాయి. కథల పోటీల్లో బహుమతులూ వాటికే వస్తున్నాయి. నడుస్తున్న ఫ్యాక్టరీ మీద కథ రాసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు నాకు!

ఎందుకు మూతపడిందంటే ‘కాలం మారింది’ అని రాశావు. కాలం వచ్చి ఫ్యాక్టరీలకి తాళాలు వేయదు. ఆల్విన్ 1942లో నిజాం ప్రభుత్వ నిధి అండతో మొదలైంది. అల్మారాలు చేసింది, బస్సు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, 1980ల్లో జపాన్ సీకోతో కలిసి చేతి గడియారాలు చేసింది, స్కూటర్లు కూడా చేసింది. నష్టాలు పెరిగాయి, బయటి పోటీ వచ్చిపడింది, 1990ల్లో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్లింది. దీని వెనక నిర్ణయాలున్నాయి, అవి తీసుకున్న మనుషులున్నారు. కథకి కావలసింది అదంతా. నువ్వు దాన్ని వదిలేసి రావి మొక్క దగ్గర కూర్చున్నావు.

నేను చిన్నప్పుడు బాలానగర్‌లో ఒక లేత్ షెడ్డులో పనిచేశాను. లేత్ అంటే రాడ్డుని తిప్పుతూ చెక్కే మిషన్. రాణిగంజ్‌లో రాడ్డు కొనేవాళ్లం. టర్నింగు మా దగ్గర. మిల్లింగు పక్క షెడ్డులో. కాల్చి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ రెండు వీధుల అవతల, పూత వేసే ప్లేటింగు ఫతేనగర్‌లో. పొద్దున ఆర్డరొస్తే, చిన్న జాబు అయితే, రాత్రికి డెలివరీ. ఏ ఒక్క షెడ్డుకీ అన్ని మిషన్లూ లేవు. వీధంతా కలిస్తేనే ఒక ఫ్యాక్టరీ. అందులో ప్లేటింగు షాపుని ఊరవతలికి పంపేస్తే మిగతావాళ్లకి ఆ పది నిమిషాల పని పూట పని అవుతుంది, ఆర్డరు చేయి జారుతుంది. మూసాపేట నుంచి సైకిల్ మీద వచ్చే టర్నరు ఔటర్ రింగ్ రోడ్డు దాటి ఎలా వెళ్తాడు? వెళ్లడు. వాచ్‌మన్ ఉద్యోగం వెతుక్కుంటాడు. చేతిలోని పనితనం అక్కడితో సరి.

పదో తరగతి తప్పిన కుర్రాడు హెల్పరుగా చేరి, నాలుగేళ్లలో టర్నరై, అప్పు చేసి సొంత లేత్ పెట్టుకోగలిగిన దారి అదొక్కటే ఉండేది ఈ నగరంలో. హైటెక్ సిటీలో ఆ కుర్రాడికి ఉన్నది హౌస్‌కీపింగు, డెలివరీ. వాటిలో మెట్లు లేవు.

ఇంకో సంగతి. ఈ నగరానికి పని నేర్పింది ఆ పాత ఫ్యాక్టరీలే. ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. మిషన్లు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్ఎంటీ నుంచి బయటికొచ్చిన ఇంజనీర్లు 1970లో బాలానగర్‌లో మొదలుపెట్టిన ఎంటార్ అణు రియాక్టర్లకీ రాకెట్లకీ భాగాలు చేస్తోంది. 1968లో అక్కడే టూల్ డిజైన్ సంస్థ వచ్చింది, డైలు చేసేవాళ్లు తయారయ్యారు. ఈ నేర్పు ఏ బ్యాలెన్స్ షీటులోనూ కనపడదు. కనపడేది గజం ధర. 2025 చివర్లో ప్రభుత్వం ఔటర్ లోపలి పారిశ్రామిక భూములు 9 వేల ఎకరాలకు పైగా ఇళ్లకీ వ్యాపారానికీ మార్చుకోనిచ్చే విధానం తెచ్చింది. లేత్ తిప్పితే వచ్చేదానికన్నా అపార్ట్‌మెంటు కడితే ఎన్నో రెట్లు వస్తుందంటే ఏ ఓనరు లేత్ తిప్పుతాడు?

ఫ్యాక్టరీలని ఊరవతలికి పంపాలనేవాళ్లు కాలుష్యం అంటారు. జీడిమెట్ల వాసన, పటాన్‌చెరు చెరువుల గతి నేను కాదనను, అక్కడివాళ్ల బాధ నిజం. కానీ మందుల ప్లాంటునీ లేత్ షెడ్డునీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

ఆ షెడ్డు రోజుల్లోనే ఒక వారపత్రికకి కథ పంపాను. టర్నరు, పక్కన పని నేర్చుకునే కుర్రాడు. మైక్రోమీటరుతో కొలిచే భాగం తీసేసి, కుర్రాడి అక్కతో టర్నరుకి ప్రేమ పెట్టమని ఎడిటరు రాశాడు. పాఠకులకి మిషన్లు అక్కర్లేదట. మిల్లీమీటరులో వందో వంతు తేడా వస్తే జాబు స్క్రాపు, కుర్రాడి కూలి కట్. ఆ కొలతే నా కథ. నేను తీయలేదు, వాళ్లు వేయలేదు. ఆ ఎడిటరు మీద నాకు ఇప్పటికీ కోపమే. నిన్ను కూడా ఎవరో ఒకరు అదే అడుగుతారు. తీయకు.

మీ నాన్నగారి దగ్గర కూర్చో. షిఫ్టు మొదలైన దగ్గర్నుంచి అడుగు. డై మార్చడానికి ఎంతసేపు పట్టేది, ఎవరు నేర్పారు, ఆయన ఎవరికి నేర్పారు, ముందే రిటైరైతే ఇచ్చే వీఆర్ఎస్ డబ్బు ఏమైంది. ఆయన మొదట్లో చెప్పరు. రేకు ఎలా పగులుతుందో అడుగు, అప్పుడు మాట్లాడతారు. తర్వాత బాలానగర్‌లో నడుస్తున్న షెడ్డు ఒకటి చూసుకుని, ఒక పూట ఆ చప్పుడులో నిలబడు.

సంపుటికి ముందుమాట అడిగావు. ముందు ఈ కథ మార్చి పంపు. నీ ప్రతి వెనక్కి పంపుతున్నాను, మార్జిన్లలో నా ప్రశ్నలున్నాయి. మూడో పేజీలో ఉన్నవి మీ నాన్నగారికే, ఆయన చేతికివ్వు. ఆయనకి నా నమస్కారాలు.

ఆశీస్సులతో,
నీ ఉత్తరం అందుకున్న బాబాయి