పిస్టల్ పనికి 2,650 డాలర్లు: ఏది ముందు, ఏది వద్దు

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాం. నాకూ మా ఆవిడకూ గ్రీన్‌కార్డులున్నాయి. నా జీతం ఏడాదికి 1,20,000 డాలర్లు. మూడేళ్ళ క్రితం 900 డాలర్లకు .45 ఏసీపీ (తూటా రకం) 1911 మోడల్ పిస్టల్ కొన్నాను. నెలకోసారి క్లబ్ షూటింగ్ మ్యాచ్‌లకు వెళ్తాను. హ్యూస్టన్‌లో ఒక గన్‌స్మిత్ (తుపాకీలు బాగుచేసేవాడు) ఇచ్చిన కొటేషన్ ఇది: మ్యాచ్ బ్యారెల్ (పోటీలకు తగ్గ గొట్టం), దాని ముందు కొసను పట్టే బుషింగ్ ఫిట్టింగ్ 550, స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం)-ఫ్రేమ్ (కింది చట్రం) బిగింపు 300, ట్రిగ్గర్ పని 325, సైట్లు (గురి చూసేవి) 275, ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తూటా డొల్లను బయటికి లాగే కొక్కెం) 100, బీవర్‌టెయిల్ (పిడి పైన చేతిని కాచే వెనక రెక్క) 200, పిడి ముందు పట్టీ చెకరింగ్ 350, మ్యాగ్‌వెల్ (మ్యాగజైన్ దూర్చే చోట వెడల్పు మూతి) 150, హార్డ్ క్రోమ్ పూత 400. మొత్తం 2,650. సగం ఇప్పుడే కట్టాలి, పనికి 14 నెలలు పడుతుంది. బ్యాంకులో 11,000 ఉన్నాయి. కార్డు మీద 24 శాతం వడ్డీకి 6,200 బాకీ ఉంది. 401కెలో (జీతంలోంచి రిటైర్‌మెంటుకు దాచే ఖాతా) 3 శాతం వేస్తున్నాను, కంపెనీ 5 శాతం దాకా సమానంగా కలుపుతుంది. 2029లో హైదరాబాద్ వచ్చేద్దామని ఉంది. ఈ ఖర్చు పెట్టుబడి అవుతుందా? పని అయ్యాక హ్యూస్టన్‌లో ఉండే మా బావమరిది (హెచ్-1బి) చేత తెప్పించుకోవచ్చా?

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా వాటిలో పొరపాటు జరిగితే డబ్బుతో పోతుంది, ఇందులో జరిగితే డబ్బుతో పోదు. మీ బావమరిది చేతికి ఆ పిస్టల్ ఇవ్వనే ఇవ్వకండి. హెచ్-1బి లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. తెలిసి ఇచ్చినవారిదీ నేరమే. తుపాకీ కేసులో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నా దేశం నుంచి పంపేయవచ్చు. గన్‌స్మిత్ దగ్గర కూడా ఇదే చిక్కు. పిస్టల్ ఇచ్చిన మనిషికే తిరిగి అప్పగిస్తే ఏ ఫారమూ అక్కర్లేదు. వేరే ఎవరు తీసుకోవాలన్నా, ఆఖరికి మీ ఆవిడైనా, ఫారం 4473 (తుపాకీ తీసుకునేవాళ్ళు నింపే ఫెడరల్ ఫారం) నింపి బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించుకోవాలి. కాబట్టి పోనూ రానూ మీరే కారులో వెళ్ళండి, పిస్టల్ ఖాళీగా తాళం వేసిన కేసులో ఉండాలి. యూపీఎస్, ఫెడెక్స్ ఇప్పుడు మామూలు వ్యక్తుల దగ్గర తుపాకీ పార్సిల్ తీసుకోవు. లైసెన్సున్న డీలర్ ద్వారా పంపితే ఛార్జీ, బీమా అదనంగా పడతాయి. ఒకే రాష్ట్రంలో ఉండి ఆ ఖర్చు దేనికి?

ఇక పెట్టుబడి అవుతుందా అంటే, అవ్వదు. 900 పిస్టల్ మీద 2,650 పెడితే 3,550 ధర పలకదు. కొనేవాడు తన చేతికి కుదిరే పట్టు, తనకు నచ్చే సైట్లు చూసుకుంటాడు. మీ అభిరుచికి అతను డబ్బు ఎందుకిస్తాడు? అమ్మేటప్పుడు పని ఖర్చులో సగం కూడా రాదనుకునే లెక్క వేసుకోండి. సరదాకి పెట్టే ఖర్చు తప్పు కాదు. దాన్ని ఖర్చు ఖాతాలోనే రాసుకోవాలి, అంతే.

ఆ ఖాతా తెరవకముందు చేయాల్సిన పనులు రెండున్నాయి. మీరు 401కెలో 2 శాతం తక్కువ వేయడం వల్ల కంపెనీ ఏటా ఇచ్చే 2,400 డాలర్లు వదిలేస్తున్నారు. కొటేషన్‌కు దాదాపు సరిపడే మొత్తం అది. వచ్చే జీతం నుంచే 5 శాతానికి పెంచండి. రెండోది కార్డు బాకీ. దాని వడ్డీ నెలకు సుమారు 124 డాలర్లు. బ్యాంకులోంచి 5,000 తీసి కట్టేస్తే అత్యవసరానికి 6,000 మిగులుతాయి. మిగతా 1,200 మూడు నెలల్లో తీర్చేయండి. అప్పటిదాకా గన్‌స్మిత్‌కు డిపాజిట్ కట్టకండి.

తర్వాత కొటేషన్‌ను రెండు ముక్కలు చేయండి. నా లెక్కలో ముందు చేయించాల్సినవి ట్రిగ్గర్, సైట్లు, ఎక్స్‌ట్రాక్టర్. మొత్తం 700. టెక్సస్‌లో రిపేరు, మార్పుల కూలి మీద కూడా సేల్స్ ట్యాక్స్ ఉంటుంది కాబట్టి 8.25 శాతం కలిపి సుమారు 758. మొత్తం పని ఒకేసారి చేయిస్తే పన్నుతో 2,869 దాకా అవుతుంది, కొటేషన్‌లో ఆ అంకె కనపడదు.

ఈ మూడే ఎందుకంటే, మ్యాచ్‌లో మీ స్కోరు మీద ప్రభావం చూపేవి ఇవే, పైగా వీటి కోసం ఫ్రేమ్‌ను కోయనక్కర్లేదు. ట్రిగ్గర్ బరువు 4 నుంచి 4.5 పౌన్ల మధ్య పెట్టమనండి. ఇంకా తేలిక చేయమని పట్టుబడితే హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి), దాన్ని ఆపి ఉంచే సియర్ ఒకదాన్నొకటి పట్టుకునే అంచు మరీ సన్నమవుతుంది. స్లైడ్ మూసుకున్నప్పుడు హ్యామర్ దానంతటదే కిందికి జారే ప్రమాదం వస్తుంది. చవక విడిభాగాలైతే ఆ అంచు త్వరగా అరిగిపోతుంది. పని అయ్యాక కొలిచిన బరువును బిల్లు మీద రాయించుకోండి. 1911లో కాల్చిన తూటా డొల్ల బయటికి రాక ఇరుక్కుపోతే అనుమానించాల్సిన వాటిలో మొదటిది ఎక్స్‌ట్రాక్టర్ బిగువు. 100 డాలర్లకు ఆ బెడద తీరడం మంచి బేరం. సైట్ల విషయంలో, స్లైడ్‌కు ఇప్పుడున్న గాడిలోనే కొత్తవి కూర్చుంటాయా, గాడి మళ్ళీ కోయాలా అని అడగండి. కోస్తే అక్కడ పూత పోతుంది.

పూత గురించి కొంచెం వివరంగా చెప్పాలి, డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. బీవర్‌టెయిల్ కూర్చోబెట్టాలంటే ఫ్రేమ్ వెనక కొమ్ముల్ని అరగదీయాలి. చెకరింగ్ అంటే ఉక్కు మీద గళ్ళు కోయడం. ఇవన్నీ అయ్యాకే హార్డ్ క్రోమ్ వేయాలి. ముందే పూత వేయించి, ఏడాది తర్వాత చెకరింగ్ బుద్ధి పుడితే ఆ 400 మళ్ళీ కట్టాల్సిందే. అందుకే మొదటి విడతలో పూత వద్దు, కోత పనులు వద్దు. కోసిన ఫ్రేమ్ మళ్ళీ పాత రూపానికి రాదు కూడా. తీసేసిన ఒరిజినల్ భాగాలన్నీ సంచిలో వేసి, పేరు రాసి తిరిగి ఇమ్మనండి. అమ్మేటప్పుడు వాటికి విలువ ఉంటుంది.

స్లైడ్-ఫ్రేమ్ బిగింపు 300ను నేనైతే పూర్తిగా కొట్టేస్తాను. 1911లో గురి నిలకడ ప్రధానంగా బ్యారెల్ ప్రతిసారీ ఒకే చోట లాక్ అవడం మీద ఆధారపడుతుంది. స్లైడ్ పట్టాల బిగువు వాటా చాలా తక్కువ. మరీ బిగిస్తే మురికి పట్టినప్పుడో నూనె తగ్గినప్పుడో స్లైడ్ పూర్తిగా మూసుకోదు. బ్యారెల్ 550 కూడా ఆగవచ్చు. ఆ రెండింటి 850 డాలర్లతో, ఒక్కోటి 50 సెంట్ల చొప్పున 1,700 తూటాలు వస్తాయి. నెలకు 140 చొప్పున ఏడాది సాధన అది. అంత సాధన తర్వాత పిస్టల్ కంటే మీ చేయి మెరుగైందనిపిస్తే అప్పుడు బ్యారెల్ సంగతి చూద్దాం. ఈలోగా రికాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ను మళ్ళీ ముందుకు తోసేది) మార్చండి. మామూలు సైజు .45కి 16 పౌన్లది, 2,000 తూటాలకోసారి మారిస్తే చాలు. ఇది కొద్ది డాలర్ల పని.

డిపాజిట్ విషయంలో జాగ్రత్త. 14 నెలల ముందే సగం డబ్బు ఇవ్వడమంటే వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టే. వరసలో పేరు రాయించడానికి చిన్న మొత్తం, పిస్టల్ లోపలికి తీసుకున్నప్పుడు విడిభాగాల ఖర్చు, మిగతాది పరీక్షించి చేతికిచ్చేటప్పుడు. ఇలా కుదరదంటే ఇంకొకరి దగ్గరికి వెళ్ళవచ్చు. కార్డు మీద కట్టాం కదా అని ధీమా పడకండి. బిల్లు వివాదం రాతపూర్వకంగా తెలపడానికి ఫెడరల్ చట్టం ఇచ్చే గడువు 60 రోజులే. రసీదులో సీరియల్ నంబరు, ప్రతి పనీ, గడువు తేదీ ఉండాలి. రాత్రిపూట మీ తుపాకీని షాపులో ఉంచుకునే గన్‌స్మిత్‌కు ఫెడరల్ లైసెన్సు ఉండాలి, అతని రిజిస్టరులో అది నమోదవ్వాలి. కస్టమర్ల వస్తువులకు బీమా ఉందో లేదో కూడా అడగండి.

మీ బీమా సంగతీ చూసుకోండి. చాలా హోమ్‌ఓనర్స్ పాలసీల్లో తుపాకుల దొంగతనానికి విడిగా పరిమితి ఉంటుంది. ప్రామాణిక పాలసీలో అది 2,500 డాలర్లు, తుపాకులు, వాటి సామాను అన్నీ కలిపి. మొదటి విడత వరకు మీరు ఆ లోపే ఉంటారు. మొత్తం పని చేయిస్తే దాటిపోతారు. అప్పుడు బిల్లులు, ఫొటోలు జతచేసి ఈ ఒక్క వస్తువును విడిగా షెడ్యూల్ చేయించాలి, అంటే పాలసీలో పేరుపెట్టి చేర్పించాలి. దానికి ప్రీమియం వేరు.

2029 ప్రయాణం వల్లనే రెండో విడత (మిగిలిన కోత పనులు, పూత) మీద నాకు అంత ఇష్టం లేదు. భారత ఆయుధ చట్టం 1959 ప్రకారం తుపాకీ ఉండాలంటే లైసెన్సు తప్పనిసరి, బయటినుంచి తేవడానికి అనుమతులు వేరే. అది వెంట వస్తుందన్న లెక్క పెట్టుకోకండి. వెళ్ళడానికి ఆరు నెలల ముందు, పాత భాగాల సంచితో, బిల్లులతో సహా లైసెన్సున్న డీలర్‌కు అమ్మండి. ఆ తేదీని ఇల్లు, కార్ల అమ్మకాల జాబితాలో ఇప్పుడే రాసిపెట్టుకోండి.